ఒక్క లైను, ఎందరి ఫోను?

తొంభైలనాటి పెళ్లి శుభలేఖ ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే తిరగేసి చూడొచ్చు. అడుగున ఊరి పేరు, ఎస్టీడీ కోడు, నంబరు, ఆ పక్కన 'పీపీ' అని రెండు అక్షరాలు కనిపిస్తాయి. ఫోను ఆ ఇంట్లో లేదు, పక్కింట్లోనో ఎదుటి ఎరువుల కొట్లోనో ఉంది, చేస్తే పిలుస్తారు అని దాని అర్థం. అమలాపురానికి 08856, భీమవరానికి 08816, తణుకుకు 08819. కోడు ఏదైనా పక్కన పీపీ ఉండటం మామూలే. ఒక్క టెలిఫోను లైనును పదిమంది పంచుకోవడానికి గోదావరి జిల్లాలు ముందుగా వాడుకున్న సాధనం ఇదే. దానికి వైరు లేదు, స్విచ్ లేదు. పరుగెత్తి కబురు చెప్పే పిల్లాడు ఉంటే చాలు.

1991 నాటికి దేశం మొత్తం మీద ఉన్న టెలిఫోను లైన్లు 50 లక్షల పైచిలుకే. నూటికి ఒక్కటి కూడా లేదు. డబ్బున్నవాళ్లకూ ఫోను వెంటనే వచ్చేది కాదు. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, లేదంటే పెద్ద మొత్తం ముందే కట్టి 'ఓవైటీ' (ఓన్ యువర్ టెలిఫోన్) కోటాలో ముందుకు జరగాలి. అందుకే వీధికి ఒకటో రెండో ఫోన్లు, వాటి చుట్టూ ఒక మర్యాద ఏర్పడ్డాయి. అవతలివాళ్లు ఫలానావారిని పిలవమంటే, "ఆయ్, పిలుచుకొస్తామండి, ఓ పది నిమిషాలాగి మళ్లీ చెయ్యండి" అని పెట్టేయడం ఆ మర్యాదలో మొదటి సూత్రం. లైను పట్టుకుని ఉంచితే ఎస్టీడీ మీటరు అవతల తిరుగుతూనే ఉంటుంది మరి. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ పనికి వెళ్లిన ఆడవాళ్లు ఊళ్లోని పిల్లలతో మాట్లాడింది ఎక్కువగా ఇలాంటి ఫోన్ల మీదే. ఫలానా రోజు ఫలానా వేళకు చేస్తామని ఉత్తరంలో రాస్తే, ఆ వేళకు ఇల్లంతా పక్కింటి అరుగు మీద కూర్చునేది.

ఒక్క లైను మీద ఎక్కువమంది ఆధారపడినప్పుడల్లా మూడు ప్రశ్నలు వస్తాయి. వచ్చిన ఫోను ఎవరికి? ఇప్పుడు వంతు ఎవరిది? డబ్బు ఎవరు కట్టాలి? పీపీ పద్ధతి మూడింటికీ మనిషి చేతే జవాబు చెప్పించింది. తర్వాత ముప్పై ఏళ్లలో బజారులోకి వచ్చిన ప్యారలల్ సెట్లు, ఫ్యాక్స్ స్విచ్‌లు, మోడెములు, స్ప్లిటర్లు, ఇప్పటి ఫైబర్ పెట్టెలు అన్నీ ఈ ప్రశ్నల్లో ఒకటో రెండో యంత్రానికి అప్పజెప్పడానికి చేసిన ప్రయత్నాలే. ఏది ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ తడబడింది అని వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. డెల్టా ఊళ్లలో ఓడిపోయిన పెట్టెల్లో సర్క్యూటు చెడి ఓడినవాటికన్నా, ఫోను చేసేవాళ్ల అలవాటును లెక్కలోకి తీసుకోక ఓడినవే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇది మన దగ్గరే పుట్టిన అవసరం కాదు. అమెరికాలో గత శతాబ్దం మధ్యదాకా పల్లెల్లో ఒకే తీగ మీద నాలుగు ఇళ్లు, ఎనిమిది ఇళ్లు ఉండేవి. పార్టీ లైన్ అనేవారు. ఒక ఇంటికి రెండు పొడవు రింగులు, ఇంకో ఇంటికి ఒక పొడవు, ఒక పొట్టి. బెల్లు వరసను బట్టి ఎవరి ఫోనో తెలుసుకోవాలి. మిగతావాళ్లు రిసీవర్ ఎత్తి వింటారన్నది అందరికీ తెలిసిన రహస్యం. అత్యవసరమని అడిగినా లైను వదలకపోవడాన్ని చాలా రాష్ట్రాల్లో నేరం కింద చేర్చారు. 1959లో వచ్చిన 'పిల్లో టాక్' అనే హాలీవుడ్ సినిమా కథంతా ఇలా ఒకే లైను పంచుకున్న ఇద్దరి తగాదాయే. బ్రిటన్‌లో ఇద్దరు చందాదారులకు ఒక లైను ఇచ్చి, సెట్టు మీద ఒక బటన్ పెట్టారు. ఆ బటన్ నొక్కితేనే డయల్ టోన్. ఎవరు నొక్కారో ఎక్స్ఛేంజికి తెలుస్తుంది కాబట్టి బిల్లు ఎవరిది వాళ్లకు వెళ్లేది. వింటున్నారన్న బాధ మిగిలింది గానీ డబ్బు తగాదా తీరింది.

మన పల్లెలకు ప్రభుత్వమే తెచ్చిన పంపకం వేరే రకం. 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పుట్టింది. ఏసీ గది అక్కర్లేని 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజిని ఆ సంస్థ తయారు చేసింది. 1986లో మొదటిది కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. తర్వాత అవి దేశమంతా పాకాయి. అవి కూడా చేరని ఊళ్లకు 'మార్' అనే రేడియో వ్యవస్థ వచ్చింది. ఇందులో రెండంటే రెండు రేడియో మార్గాలను పదిహేను ఊళ్ల పబ్లిక్ ఫోన్లు పంచుకోవాలి. రెండు ఊళ్లవాళ్లు మాట్లాడుతుంటే మిగతా పదమూడు ఊళ్లు ఆగాల్సిందే. కాగితం మీద లెక్క బాగానే ఉంది, ఎందుకంటే ఊరి ఫోను రోజంతా మోగదు. కానీ టవరు, బ్యాటరీ, యాంటెన్నా నిలబడాలి కదా. ఈ పరికరాలు దేశవ్యాప్తంగా చెడిపోయి మూలబడటంతో 2000 తర్వాత వాటి స్థానంలో డబ్ల్యూఎల్ఎల్ (వైర్లెస్ లోకల్ లూప్) వంటివి పెట్టుకుంటూ వచ్చారు.

అసలు కథ ఇంట్లోకి లైను వచ్చాకే మొదలవుతుంది.

ముందు హాల్లో ఫోను, కొన్నాళ్లకు పడగ్గదిలో ఇంకోటి, మేడ మీద ఇంకోటి. గోడ మీద లైను దిగే రోజెట్ డబ్బా దగ్గర రెండు తీగలు కలిపి లాగేస్తే ప్యారలల్ కనెక్షన్ తయారు. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే తర్వాతి పెట్టెలన్నీ అర్థమవుతాయి. రిసీవర్లన్నీ పెట్టి ఉన్నప్పుడు లైను మీద ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి వచ్చే సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. ఏదో ఒక రిసీవర్ ఎత్తగానే కరెంటు ప్రవహించి, ఆ వోల్టేజీ పదికి అటూఇటూగా పడిపోతుంది. ఎక్స్ఛేంజి దాన్ని గమనించి డయల్ టోన్ ఇస్తుంది. ఫోను వచ్చినప్పుడు అదే తీగల మీద 75 వోల్టుల ఏసీ, సెకనుకు పాతిక సార్లు ఊగుతూ వస్తుంది. బెల్లు కొట్టేది అదే. రెండు పొట్టి రింగులు, రెండు సెకన్ల విరామం, మళ్లీ రెండు రింగులు. మన చెవికి అలవాటైన ఆ జంట మోత ఇదే.

బెల్లు కొట్టే ఈ శక్తికి ఒక హద్దు ఉంది. మూడో సెట్టు దాకా పాత తరహా గంటలు బాగానే మోగుతాయి. నాలుగోది, అయిదోది తగిలిస్తే అన్నీ మూలుగుతాయి, కొన్ని అసలు మోగవు. తిప్పే డయల్ రోజుల్లో ఇంకో తంటా ఉండేది. హాల్లో నంబరు తిప్పుతుంటే పడగ్గదిలో గంట 'టింగ్ టింగ్' అనేది. ఎవరో బయటికి ఫోను చేస్తున్నారని ఇల్లంతటికీ తెలిసిపోయేది. ఇక మేడ మీద రిసీవర్ ఎత్తితే కింద మాటలు వినిపించడం సరేసరి. వియ్యాలవారితో కట్నం మాటలు, మిల్లు యజమాని బేరాలు, గుమస్తా సెలవు అబద్ధాలు అన్నింటికీ ఒక అదనపు శ్రోత ఉండేవాడు.

దీనికి మందుగా వచ్చిందే మొదటి తరం పంపకపు పెట్టె. ప్యారలల్ ఫోన్లలో ఒకటి మాట్లాడుతుంటే మిగతావి పనిచేయకుండా చేయడం దాని పని. లోపల చూస్తే నవ్వొచ్చేంత చిన్న సంగతి. ప్రతి సెట్టుకూ ముందు, సుమారు 30 వోల్టులు దాటితేనే కరెంటును పోనిచ్చే డయాక్ అనే చిన్న భాగం ఉంటుంది. లైను ఖాళీగా ఉన్నప్పుడు 48 వోల్టులు ఉన్నాయి కాబట్టి మొదట ఎత్తినవాడికి దారి దొరుకుతుంది. అతను ఎత్తగానే వోల్టేజీ పదికి పడిపోయింది. రెండోవాడు ఎత్తినా 30 లేదు కాబట్టి అతని డయాక్ తెరుచుకోదు. చెవిలో ఏమీ వినపడదు. ఎవరి వంతు అన్న ప్రశ్నకు ముందొచ్చినవాడిదే అని కొన్ని రూపాయల విడిభాగం తేల్చేసింది. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కుర్రాళ్లు వేరుశనగ గింజంత సోల్డరింగుతో దీన్ని అమర్చగలరు. అందులో ఉన్న చిక్కు ఒక్కటే. హాల్లో ఎత్తి, "ఉండండి, మేడ మీద నాన్నగారికి ఇస్తాను" అంటే ఇవ్వడం కుదరదు. హాల్లో పెట్టేయకుండా మేడ మీది ఫోను బతకదు, పెట్టేస్తే లైను తెగుతుంది. అందుకే చాలా ఇళ్లలో నాలుగు రోజులు వాడి, ఆ పెట్టె పీకి పక్కన పెట్టారు.

కొంచెం పెద్ద చోట్ల అసలు జవాబు ఈపీఏబీఎక్స్, అంటే లోపలి ఫోన్లను కలిపే చిన్న సొంత ఎక్స్ఛేంజి. రాజమహేంద్రవరం లాడ్జీలు, దానవాయిపేట ఆసుపత్రులు, తాడితోట బట్టల హోల్‌సేల్ కొట్లకు రెండు లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్ల పెట్టె సరిపోతుంది. వచ్చిన ఫోను ఎవరికో కౌంటర్లో కూర్చున్న మనిషి అడిగి, ఆ గదికి కలుపుతాడు. ఏ గది నుంచి ఎన్ని కాల్స్ వెళ్లాయో చీటీ తీస్తుంది. మూడు ప్రశ్నలకూ జవాబు ఉన్న పెట్టె ఇదొక్కటే; అందుకే ఇప్పటికీ బతికి ఉంది. చిన్న కొట్టుకు మాత్రం ఇది బరువు.

తొంభైల్లో ఫ్యాక్స్ వచ్చి కథ మార్చింది. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు పెరిగాయి. ఎగుమతి కంపెనీల ధరలు, కౌంట్లు, లోడింగు వివరాలు కాగితాల మీద రావాలి. నరసాపురం లేసు ఎగుమతిదారులకు విదేశీ ఆర్డర్లు, కడియం నర్సరీలకు దూరపు ఊళ్ల మొక్కల పట్టీలు, మిల్లర్లకు లెవీ కాగితాలు. లైను ఒక్కటే. ఫ్యాక్స్‌కు వేరే లైను తీసుకుంటే ఇంకో డిపాజిట్టు, ఇంకో అద్దె. అక్కడే అంగట్లోకి ఫోన్-ఫ్యాక్స్ స్విచ్ దిగింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా. ఒక వైపు లైను, ఇంకో వైపు 'ఫోన్', 'ఫ్యాక్స్', కొన్నింటికి 'మోడెమ్' అని మూడు రంధ్రాలు, ఒక అడాప్టరు.

దాని నడక ఇలా ఉంటుంది. రింగు రాగానే ఫోనును మోగనివ్వకుండా డబ్బాయే ముందు లైను ఎత్తుతుంది. ఎత్తి వింటుంది. అవతల ఫ్యాక్స్ మిషను తనంత తాను డయల్ చేస్తే, ప్రతి మూడున్నర సెకన్లకోసారి అర సెకను పాటు 1100 హెర్ట్జ్ కూత వేస్తుంది. ఆ కూత వినపడితే డబ్బా లైనును ఫ్యాక్స్ వైపు తిప్పుతుంది. అయిదారు సెకన్లు వినపడకపోతే మనిషే అనుకుని ఫోను మోగిస్తుంది. ఈలోగా చేసినవాడికి విసుగు రాకుండా ఒక దొంగ రింగు మోతను తనే వినిపిస్తుంది. ఫ్యాక్స్ ఎత్తితే అది 2100 హెర్ట్జ్ పొడుగు కూతతో జవాబిస్తుంది. ఫ్యాక్స్ ఉన్న నంబరుకు ఫోను చేసినవాళ్ల చెవులు గింగురెత్తించినది అదే. కాగితం మీద చక్కటి ఏర్పాటు.

రాజమహేంద్రవరంలోనో తాడేపల్లిగూడెంలోనో ఎస్టీడీ బూత్‌కు వెళ్లి ఫ్యాక్స్ పంపే మనిషిని ఒక్కసారి గమనిస్తే ఈ ఏర్పాటు ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది. బూత్ యజమాని మీటరు కట్టిన ఫోను నుంచి నంబరు నొక్కుతాడు. అవతల ఎవరో ఎత్తుతారు. "హలో, సార్, ఫ్యాక్స్ టోన్ ఇవ్వండి" అంటాడు. అవతలి మనిషి మిషను మీద బటన్ నొక్కుతాడు, కూత వస్తుంది, ఇతను స్టార్ట్ నొక్కుతాడు. కాగితం కదులుతుంది. అంటే మన దగ్గర ఫ్యాక్స్ ప్రయాణం చాలాసార్లు మనిషి మాటతో మొదలయ్యేది. పంపే మిషను తనంత తాను డయల్ చేయలేదు కాబట్టి 1100 హెర్ట్జ్ కూత ముందుగా రాదు. డబ్బా దాని కోసమే చెవి పెట్టి కూర్చుంటుంది, రాక మనిషే అనుకుంటుంది, ఫోను మోగిస్తుంది. కొట్లో ఎవరూ లేని మధ్యాహ్నం వేళ ఫ్యాక్స్ దానంతటదే దిగాలన్నదే కదా డబ్బా కొన్న ఉద్దేశం? సరిగ్గా ఆ వేళే అది పనికిరాకుండా పోయేది.

అంతకన్నా పెద్ద లోపం డబ్బుది. మామూలు ఫోను మోగి మోగి ఆగిపోతే చేసినవాడికి పైసా ఖర్చు లేదు. స్విచ్ డబ్బా ఉన్న చోట మొదటి రింగుకే లైను ఎత్తేస్తుంది. ఎక్స్ఛేంజి లెక్కలో కాల్ కలిసినట్టే. బూత్‌లో ఎర్ర అంకెలు కదలడం మొదలవుతాయి. చెవిలో మాత్రం ఇంకా రింగు మోత! "ఎత్తనే లేదండి, బిల్లెలా వచ్చింది?" అని కస్టమరు, "మీటరు తిరిగిందండి, నేనేం చెయ్యను?" అని యజమాని. ఇద్దరిదీ తప్పు కాదు. ఎవరి ఫోను అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి అయ్యే ఖర్చును డబ్బా చేసేవాడి నెత్తిన వేసింది. ఇన్‌కమింగ్ ఉచితమని మురిసిన కొట్టు యజమానికి ఈ సంగతి తెలియడానికి కూడా చాలాకాలం పట్టేది, ఎందుకంటే తన ఫోనుకు తను బయటినుంచి చేసి చూసేవాళ్లు తక్కువ.

ఆ రోజుల్లో నిజంగా నిలబడిన పరికరం ఇంతకన్నా చవకది. ఎలక్ట్రిక్ కొట్టులో దొరికే రెండు దారుల స్విచ్ ఒకటి చెక్క మీద బిగించి, ఒక వైపు 'ఫోను', ఒక వైపు 'ఫ్యాక్స్' అని స్కెచ్ పెన్నుతో రాయడం. పగలు ఫోను వైపు. రాత్రి కొట్టు కట్టేముందు ఫ్యాక్స్ వైపు తిప్పి వెళ్లిపోతే, రాత్రి పదకొండు దాటాక ఎస్టీడీ పావు రేటుకు దిగే వేళ వచ్చిన కాగితాలు పొద్దున్న ట్రేలో ఉండేవి. పంపేవాళ్లకూ ఆ వేళే చవక. ఇద్దరి లెక్కా కలిసింది. ఆ స్విచ్‌కు అడాప్టరు అక్కర్లేదు, కరెంటు పోయినా ఆగదు, మీటరును ముందే తిప్పదు. పొద్దున్న మళ్లీ ఫోను వైపు తిప్పడం మరిచిపోతే మాత్రం మొదటి బేరం చేసినవాడికి కూతే వినపడేది.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి అందుబాటులోకి తెచ్చింది. కొన్నేళ్లకు అది గోదావరి జిల్లాల ఇళ్లకూ పాకింది. 2000 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక 172233 వంటి నంబరుకు మోడెము డయల్ చేసి లోపలికి పోవడం ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో రివాజయింది. మోడెము కూడా మాటలు వెళ్లే పౌనఃపున్యంలోనే కేకలు వేస్తుంది కాబట్టి అది ఉన్నంతసేపూ ఫోను ఎంగేజ్. మామూలు లోకల్ కాల్ మూడు నిమిషాలకో పల్సు అనుకున్నా గంటకు ఇరవై కాల్స్. రెండు నెలలకోసారి వచ్చే బిల్లు చూసి తండ్రులు మోడెము తీగ పీకి బీరువాలో పెట్టిన ఇళ్లు లేకపోలేదు.

ఆ మోడెములోనే ఒక తెలివైన పంపకం దాగి ఉంది. వెనక రెండు రంధ్రాలు. ఒకటి గోడ లైనుకు, రెండోది ఫోనుకు. ఫోనును గోడకు కాకుండా మోడెము వెనక తగిలిస్తే, మోడెము లైను తీసుకోగానే లోపలి రిలే ఆ ఫోనును విడదీస్తుంది. ఎవరు ఎత్తినా ఇంటర్నెట్ తెగదు. అయితే మన ఇళ్లలో పడగ్గది ఫోను ముందే రోజెట్ దగ్గర ప్యారలల్‌గా కలిసి ఉండేది. అది మోడెముకు ముందే లైనులో ఉంది. అత్తగారు మధ్యాహ్నం నిద్రలేచి రిసీవర్ ఎత్తితే గిర్రుమని మోత, ఇటు 90 శాతం దిగిన ఫైలు మళ్లీ మొదటికి. కాల్ వెయిటింగ్ ఉన్న లైన్లలో మధ్యలో వచ్చే 'బీప్' కూడా మోడెమును పడగొట్టేది. చాలామంది ఇంటర్నెట్ స్పీడు లేదని తిట్టుకున్నదానికి కారణం రోజెట్ డబ్బాలోని ఆ రెండు తీగలే.

ఈ సమస్యను నిజంగా తీర్చింది బ్రాడ్‌బ్యాండ్. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ ఏడీఎస్ఎల్ సేవను మొదలుపెట్టింది. వంతు అన్నమాటే లేకుండా చేయడం దాని గొప్పతనం. మాట 3,400 హెర్ట్జ్ దాటదు. ఏడీఎస్ఎల్ 25 కిలోహెర్ట్జ్ పైన మొదలై మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. ఒకే రాగి తీగ మీద రెండూ ఒకదాన్నొకటి తాకకుండా నడుస్తాయి. గోడ దగ్గర తెల్లటి స్ప్లిటర్ డబ్బా ఆ రెండింటినీ విడదీసి 'ఫోన్', 'మోడెమ్' రంధ్రాలకు పంపుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, ఎవరి ఫోనో ఊహించక్కర్లేదు. అయినా కంప్లైంట్లు ఆగలేదు. ఇంట్లో ఒక్క ప్యారలల్ సెట్టు స్ప్లిటరుకు ముందు మిగిలిపోయినా, ఆ ఫోను మోగినప్పుడల్లా నెట్ తెగుతుంది. లైన్‌మన్ వచ్చి మొదట చూడాల్సింది మోడెము దీపాలను కాదు, ఇంట్లో తీగ ఎన్ని చోట్ల చీలిందో. పాత ఇళ్లలో గోడలోపల ఎక్కడ కలిపారో తెలియక, వీధిలోని డీపీ డబ్బా నుంచి కొత్తగా డ్రాప్ వైరు లాగి స్ప్లిటరు దాకా తెచ్చి పాతవన్నీ దాని వెనక కలపడం ఒక్కటే దారి. డెల్టాలో దీనికి వాన తోడు. భూమిలో అడుగు లోతులో నీరుండే ఊళ్లలో జాయింట్‌లో తేమ చేరితే మాట గరగరమంటూనైనా వినపడుతుంది, ఏడీఎస్ఎల్ మాత్రం ముందే చేతులెత్తేస్తుంది.

ఈలోగా సెల్‌ఫోన్ వచ్చింది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఎవరి లైను వాళ్ల జేబులోకి చేరింది. పంపకం అన్న ప్రశ్నే పోయిందనుకున్నారు. పోలేదు, తీగలోకి దిగింది.

2016 డిసెంబరు చివర్లో, అప్పటి తూర్పు గోదావరి జిల్లా సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు. జీడిపప్పుకూ చేనేతకూ పేరున్న ఊరు అది. అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను, మూడూ ఒక్క తీగ మీద. ఆ తీగ కూడా ఇంటికొకటి విడిగా ఎక్స్ఛేంజి నుంచి రాదు. ఒక ఫైబర్‌ను దారిలో గాజు స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. కిందికి వచ్చే వెలుగు అన్ని ఇళ్లకూ ఒకటే వెళ్తుంది; ఎవరిది వాళ్ల పెట్టె ఏరుకుంటుంది. పక్కింటివాళ్లది చదవకుండా ఆ సమాచారం గుప్తలిపిలో ఉంటుంది. అమెరికా పార్టీ లైనుకు లేని తాళం ఇదే. ఇక ఇళ్ల నుంచి పైకి వెళ్లేటప్పుడు అందరూ ఒక్కసారి వెలుగు పంపితే కలగాపులగం అవుతుంది కాబట్టి ప్రతి ఇంటికీ సెకనులో అతి చిన్న వంతు ఉంటుంది. దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదిలినట్టే, కాకపోతే ఇక్కడ వంతు మిల్లీసెకనులో ఎన్నోసార్లు మారుతుంది, శివారు ఊరికి నీళ్లు అందలేదన్న గొడవ ఉండదు.

ఇప్పుడు గోడ మీద ఉన్నది ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె. చాలావాటికి వెనక ఒకే ఒక్క ఫోను రంధ్రం. బీఎస్ఎన్ఎల్ రాగి లైన్లను ఫైబర్‌కు మార్చి పాత నంబరే ఉంచుతున్న చోట్ల క్లినిక్కులు, లాడ్జీలు, కొట్లు మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికి వచ్చాయి: ఈ ఒక్క రంధ్రానికి ఏవేవి తగిలించాలి? ఇక్కడ 48 వోల్టులు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి రావు, పెట్టె తనే తయారు చేస్తుంది. అందువల్ల బెల్లు కొట్టే సత్తువ తక్కువ. రెండు కొత్త తరహా సెట్లు లేదా ఒక కార్డ్‌లెస్ బేసు చాలు. తాతలనాటి గంట సెట్టు అందులో కలపకపోవడమే మేలు. నాలుగు గదులకు కావాలంటే ఆ రంధ్రం నుంచి చిన్న ఈపీఏబీఎక్స్‌కు తీగ తీసుకోవాలి. పొరపాటున కూడా చేయకూడనిది ఒకటుంది. పాత డీపీ నుంచి వచ్చిన రాగి తీగను విడదీయకుండా ఇంటి వైరింగునూ ఓఎన్‌టీనీ కలపడం. బయటి తీగ మీద ఇంకా వోల్టేజీ ఉంటే, పిడుగు పడితే, పోయేది పెట్టె.

ఫ్యాక్స్ ఇంకా కావాల్సినవాళ్లు కొందరున్నారు. మాటను ముక్కలు చేసి పంపే ఈ పద్ధతిలో అది నమ్మకంగా నడవదు. మాటను కుదించకుండా పంపే జీ.711, లేకుంటే ఫ్యాక్స్ కోసమే ఉన్న టీ.38 అనే అమరిక అవతలి వైపు కూడా ఉండాలి. లేనప్పుడు మిషను వేగాన్ని 9,600కు తగ్గించి, ఎర్రర్ కరెక్షన్ ఆపితే కొన్నిసార్లు దిగుతుంది. పాత స్విచ్ డబ్బాలు అటకల మీద నుంచి తీసి తగిలించడం మాత్రం దండగ. లైను వోల్టేజీని చూసి నడిచే వాటిలో చాలావాటికి ఓఎన్‌టీ ఇచ్చే కొలతలు అర్థం కావు.

రాగి లైనుకు ఉన్న ఒక సుగుణాన్ని కొత్త పెట్టె ఇవ్వలేదు. ఊరంతా కరెంటు పోయినా ఎక్స్ఛేంజిలో బ్యాటరీ ఉన్నంతసేపు రాగి ఫోను పలికేది. ఓఎన్‌టీ కరెంటు పోయిన క్షణం ఆగిపోతుంది. అలాగని రాగిని ఆకాశానికెత్తడమూ సరికాదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ఊడ్చేసినప్పుడు కొబ్బరి చెట్లతోపాటు స్తంభాలూ పడ్డాయి. స్తంభం పడ్డాక అవతల బ్యాటరీ ఎంత ఉన్నా లాభం లేదు. ఫైబర్‌గ్రిడ్ తీగలు చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదే వెళ్తున్నాయి కాబట్టి ఆ భయం అలాగే ఉంది. కానీ తుపాను లేని మామూలు వేసవి కోతల్లో మాత్రం తేడా తెలుస్తుంది. పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి ఓఎన్‌టీకి కడితే కొన్ని గంటలు ఫోను, వైఫై రెండూ నిలుస్తాయి.

బంగారం కొట్లు, గిడ్డంగులు పెట్టుకునే దొంగల అలారం విషయంలో వరస మరీ ముఖ్యం. దొంగ పడితే తనంత తాను ఫోను చేసే ఆ పెట్టెను ప్యారలల్‌గా కలిపితే, కౌంటరు మీద ఎవరో రిసీవర్ సరిగ్గా పెట్టకపోయినా, దొంగే కావాలని ఎత్తి పెట్టినా అది డయల్ చేయలేదు. లైను మొదట అలారంలోకి వెళ్లి, దాని వెనక నుంచి మిగతా ఫోన్లకు రావాలి. అప్పుడు అవసరమైన క్షణంలో అది వాటన్నిటినీ తెంపి లైను తన చేతిలోకి తీసుకుంటుంది. బిగించిన రోజే ఒక రిసీవర్ ఎత్తి పక్కన పెట్టి, అలారం మోగించి, ఫోను వెళ్తోందో లేదో చూడాలి. ఆ తర్వాత ఓఎన్‌టీ ప్లగ్గు పీకి ఇంకోసారి చూడాలి. యూపీఎస్ లేని కొట్లో ఆ రెండో పరీక్షలో ఏ ఫోనూ వెళ్లదు, కాబట్టి అలారం కొనేటప్పుడే సిమ్ కార్డు పట్టే రకం అడిగి తీసుకోవడం మంచిది.